ఆదివారం మాట, వారమంతా ఇల్లు: ఒక ప్రాజెక్టు డైరీ

అక్టోబరు 2024: ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు

రెండు సంఘాలతో మొదలుపెడుతున్నాం. ఒకటి గుంటూరు వైపు, మిర్చీ వరీ పండే పల్లెలోని లూథరన్ సంఘం. రెండోది హైదరాబాదు శివారులోని సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. అక్కడ ఎక్కువ కుటుంబాలు అపార్టుమెంట్లలో ఉంటాయి, షిఫ్టు ఉద్యోగాలు చేస్తాయి. బృందంలో రెండు సంఘాల పాస్టర్లు, స్త్రీల సమాజం పెద్దలు, ఒక బైబిల్ స్త్రీ (ఇళ్లకు వెళ్లి బైబిలు చెప్పే సంఘ సేవకురాలు), సండే స్కూలు టీచర్లు, హార్మోనియం వాయించేవారు ఉన్నారు. ఆదివారం గుడిలో నోటితో, చేత్తో చేసేది సోమవారం నుంచి శనివారం దాకా ఇంట్లో ఏ రూపంలో నిలుస్తుందో చూడాలి. నిలిచినదాన్ని గట్టిపరచాలి.

కుటుంబ ప్రార్థన చెయ్యండని ప్రతి సంఘంలోనూ చెప్తూనే ఉంటారు. విన్నవాళ్లు ఒప్పుకుంటారు, నాలుగు రోజులు చేస్తారు, ఆ తర్వాత ఆగిపోతుంది. అది బద్ధకం కాదు. గంటన్నర పాటు పాస్టరు అయ్యగారు నడిపించే ఆరాధనను చిన్నది చేసి ఇంటికి పంపితే, ఇంట్లో ఒకరు అయ్యగారు కావాలి, ఒకరు పాట ఎత్తాలి, ఒకరు వాక్యం చెప్పాలి. కూలికి వెళ్లొచ్చిన ఇంట్లో అంత బరువు ఎవరు మోస్తారు? అందుకని ఆరాధనను కుదించి పంపడం లేదు. అందులోని ఒక్కొక్క మాటను విడదీసి, ఇంట్లో ఎలాగూ జరిగే ఒక్కొక్క పనికి కడుతున్నాం. బియ్యం కొలవడం, గడప దాటడం, పిల్లల్ని పడుకోబెట్టడం ఏ ఇంట్లోనూ ఆగవు. వాటికి కట్టిన మాట కూడా ఆగదన్నది మా నమ్మకం.

కొత్త ప్రార్థనలు రాయకూడదన్నది రెండో నియమం. పల్లె సంఘంలో అక్షరం రాని పెద్దలు కూడా పరలోక ప్రార్థన (యేసు నేర్పినది), విశ్వాస ప్రమాణం (నమ్మేదాన్ని చెప్పే పాఠం), పాపపు ఒప్పుకోలు, ఆశీర్వాదం తడుముకోకుండా చెప్తారు. నగర సంఘంలో ఇంగ్లిష్ మీడియం పిల్లలు తెలుగు అచ్చు చదవలేరు గానీ, చెవిన పడినవన్నీ చెప్పగలరు. రెండు చోట్లా పుస్తకం అవసరమైతే పని ఆగుతుంది, కంఠతా వచ్చినదైతే సాగుతుంది.

ఇది మనవాళ్లకు కొత్తేమీ కాదు. లూథరన్ సంఘాలకు మూలపురుషుడైన మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరం అనే బోధ పుస్తకం పొద్దున్నే విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన చెప్పుకుని, కావాలంటే ఇంకో చిన్న ప్రార్థన చేసుకుని, పాట పాడుకుంటూ సంతోషంగా పనికి వెళ్లమంటుంది. రాత్రి అవే చెప్పుకుని వెంటనే నిశ్చింతగా నిద్రపొమ్మంటుంది. ప్రసంగం ఊసే లేదు. లూథరన్ మిషనరీ హయ్యర్ 1842లో గుంటూరు రావడంతో మొదలైన మిషన్ తాలూకు సంఘాలకు ఆ ప్రశ్నోత్తరం సొంత ఆస్తి. దాన్ని కన్ఫర్మేషన్ క్లాసులో (పిల్లలు తమ విశ్వాసాన్ని తామే ఒప్పుకునే ముందు ఇచ్చే శిక్షణలో) వల్లెవేయించి వదిలేస్తున్నాం.

నవంబరు: సమయాల పట్టిక

ఏ మాట ఎక్కడ కట్టాలో తేల్చే ముందు, ప్రతి ఇంటి వారం ఎలా నడుస్తుందో తెలియాలి. ఒక తెల్లకాగితం మీద నిలువుగా ఏడు రోజులు, అడ్డంగా నాలుగు ప్రశ్నలు: ఎవరు ముందు లేస్తారు, ఎవరు వండుతారు, ఎవరెవరు కలిసి తింటారు, ఇంట్లో అందరూ మెలకువగా ఉండే వేళ ఏది. కాగితం ఇచ్చి నింపమంటే మొహమాటానికి "రోజూ రాత్రి ఎనిమిదింటికి ప్రార్థన" అని రాసిస్తారు. బైబిల్ స్త్రీ వెళ్లి మాటల్లో అడిగి రాసుకోవడమే సరైన పద్ధతి. "ప్రార్థన ఎప్పుడు చేస్తారు" అని అడగకూడదు. "నిన్న రాత్రి అన్నం ఎప్పుడు తిన్నారు" అని అడిగితే నిజం వస్తుంది.

తేలిన సంగతులు రెండు. మొదటిది, ఇంటిల్లిపాదీ ఒక్కచోట కూర్చునే వేళ పల్లెలో రాత్రిపూట కాస్త ఉంది, నగరంలో లేదు. కాబట్టి "అందరూ కూడినప్పుడు" అన్న షరతు మీద దేన్నీ నిలబెట్టకూడదు. రెండోది, భోజన ప్రార్థన వేళకు వండినావిడ పొయ్యి దగ్గరే ఉంటుంది. మిగతావాళ్లు కళ్లు మూసుకుని ఆమెన్ అంటారు. ఆవిడ అందరూ తిన్నాక ఒంటరిగా తింటుంది, ఆమెకు ప్రార్థన లేదు. ఇంట్లో ఆరాధన అంటే ఆమెను బయట ఉంచి చేసేది కాకూడదు. అందుకే మొట్టమొదటి ముడి ఆమె చేతిలోని పనికే వేస్తున్నాం.

డిసెంబరు: బియ్యం డబ్బా

గుప్పెడు బియ్యం తెలుగు సంఘాలకు తెలిసిందే, చాలాచోట్ల అమ్మమ్మల కాలంతోనే ఆగింది. మిజోరం సంఘాల్లో వందేళ్లకు పైగా ఇది నడుస్తోంది. అక్కడ సువార్త పనికి పెద్ద ఆధారం ఈ గుప్పెడే. మనం దాన్ని చందాగా మొదలుపెట్టడం లేదు. గుడిలోని కానుక వేళను వంటింట్లోకి తెస్తున్నాం. ఎసట్లోకి బియ్యం కొలిచాక, అందులోంచి ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేస్తూ పరలోక ప్రార్థనలోని ఒకే మాట: "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము." మాకు అన్నప్పుడు ఆ గుప్పెడు ఎవరింటికి వెళ్తుందో వాళ్లు కూడా ఆ మాటలో ఉన్నారని స్త్రీల సమాజంలో ముందుగా చెప్పాలి. అది చెప్పకపోతే డబ్బా హుండీ అవుతుంది.

కొలతలు. పెద్దవాళ్ల గుప్పెడు దాదాపు 40 గ్రాములు. రెండు పూటలా వేస్తే రోజుకు 80 గ్రాములు, నెలకు 2.4 కిలోలు. మూడు లీటర్ల మూత డబ్బా అయితే నెలాఖరుకు నిండుతుంది. పెద్ద డబ్బా కొనకూడదు. డబ్బా నిండటమే దాన్ని గుడికి తేవలసిన రోజు వచ్చిందన్న గుర్తు, అది ఎప్పటికీ నిండకపోతే మూలకు చేరుతుంది. ఒకపూట చపాతీ తినే ఇళ్లకు లీటరున్నర డబ్బా చాలు. మూత పారదర్శకంగా ఉండక్కర్లేదు. ఎవరు ఎంత వేశారో కనబడకపోవడమే మేలు. డబ్బా మీద పేరు రాయడం, తూచి చదవడం రెండూ వద్దు. పేదింటి గుప్పెడు పక్కింటి గుప్పెడుతో పోటీ పడకూడదు.

పంచడానికి క్యారల్ రౌండ్లు అనువైనవి. డిసెంబరులో యువకులు ఎలాగూ ప్రతి ఇంటికీ వెళ్తారు. పాట అయ్యాక స్త్రీల సమాజం నుంచి ఒకరు వంటింట్లోకి వెళ్లి డబ్బాను బియ్యం బస్తా పక్కనే పెట్టి, చేసి చూపిస్తారు. రెండు నిమిషాల పని. డబ్బాను హాల్లో టీవీ పక్కన పెట్టిన ఇళ్లలో ఇది వారం కూడా సాగలేదు. వండే చేతికి అందే దూరంలో ఉండాలి.

నగర సంఘంలో ఆగమన కాలపు (క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల) నాలుగు కొవ్వొత్తుల వలయం కూడా పెట్టాం. పిల్లలకు ఎంతో నచ్చింది. అయినా అది పండుగతో ముగిసేది, డిసెంబరు 25 తర్వాత దానికి కొనసాగింపు లేదు. ఆనందానికి ఉంచుకోవచ్చు, అలవాటు కట్టడానికి దాని మీద ఆధారపడలేం.

డిసెంబరు 31: వాగ్దానపు కార్డు వెనక

ఏడాది చివరి రాత్రి జరిగే వాచ్ నైట్ ఆరాధనలో తీసుకునే వాగ్దానపు కార్డును (కొత్త ఏడాదికి ఒక బైబిలు వచనం ఉన్న కార్డు) మనవాళ్లు పారెయ్యరు. ఏడాది పొడుగునా గోడమీదో బైబిల్లోనో ఉంటుంది. విడిగా కరపత్రం అచ్చువేస్తే సంక్రాంతికల్లా మాయమవుతుంది. అందుకే ఏ పనికి ఏ మాటో చెప్పే ఇంటి క్రమాన్ని వాగ్దానపు కార్డు వెనకే అచ్చు వేయించాం.

ప్రెస్‌కు ఇచ్చిన వివరాలు: ఏ5 సైజు, 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు, మ్యాట్ లామినేషన్, పైన మధ్యలో రంధ్రం. నిగనిగలాడే లామినేషన్ వద్దు, ట్యూబ్‌లైటు వెలుగు పడి అక్షరం కనబడదు. అసలు లామినేషనే లేకపోతే వంటింటి జిడ్డుకు వేసవిలోపే పాడవుతుంది. అక్షరం 22 పాయింట్లకు తగ్గకూడదు. ఒత్తులు, దీర్ఘాలు ఇరుక్కునే ఫాంట్ అయితే పెద్దవాళ్లు ఒత్తు దగ్గర ఆగిపోతారు, కాబట్టి పంక్తుల మధ్య చోటు ఎక్కువ వదలాలి. ఆ సైజులో కార్డుకు పన్నెండు పంక్తులకు మించి పట్టవు. పట్టనిది తీసెయ్యాలి, అక్షరం తగ్గించకూడదు. వేలాడదీసే చోటు: నెలల క్యాలెండరు మేకుకే, క్యాలెండరు కింద. కొత్త మేకు కొట్టడానికి అద్దె ఇళ్లలో ఒప్పుకోరు.

కార్డు మీద సంఘం పేరు గానీ కుటుంబం పేరు రాసే గీత గానీ లేదు. ఇది చాలా ఆలోచించి తీసుకున్న నిర్ణయం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. పిల్లల చదువూ ఉద్యోగమూ ఎస్సీ కులధ్రువపత్రం మీద ఆధారపడిన ఇళ్లు, పేరు అచ్చయిన కార్డును గోడకు పెట్టుకోవడానికి వెనకాడతాయి. దాన్ని విశ్వాసలోపమని పాస్టర్లు వేదిక మీద నుంచి గద్దించడం అన్యాయం. పేరు లేని కార్డు అందరి గోడకూ వెళ్తుంది. క్రైస్తవేతరుల ఇంటికి కోడలిగా వెళ్లిన ఆడపిల్లలకు అది కూడా కుదరదు. వాళ్లకు బియ్యం గుప్పెడు, నోట్లో మాట చాలు. డబ్బా లేకపోయినా, కొలిచేటప్పుడు మనసులో ఆ ఒక్క పంక్తి అనుకోవడాన్ని ఎవరూ ఆపలేరు.

జనవరి, ఫిబ్రవరి 2025: లేవీయకాండము దగ్గర ఆగే చదువు

కొత్త సంవత్సరం నాడు ఏడాదిలో బైబిలంతా చదువుతామని చాలామంది మొదలుపెడతారు. మొత్తం 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చొప్పున చదివితే ఏడాదికి సరిపోతాయి. ఆ లెక్కన ఆదికాండము 50, నిర్గమకాండము 40 కలిపి 90 అధ్యాయాలు జనవరి నెలాఖరుకు పూర్తవుతాయి. ఆ తర్వాతి పుస్తకమైన లేవీయకాండములోని బలుల విధులు సరిగ్గా మిర్చి కోతలు జోరందుకునే వారాల్లో వస్తాయి. తెల్లవారక ముందే ఆటో ఎక్కి, సాయంత్రం చేతులు మండుతూ ఇంటికి వచ్చిన మనిషి ఆ రాత్రి మూడు అధ్యాయాలు చదవలేడు. ఒకరోజు తప్పితే మర్నాడు ఆరు, రెండు రోజులు తప్పితే తొమ్మిది. అప్పు పెరిగినట్టు పెరిగి, అపరాధ భావంతో పుస్తకమే మూసేస్తారు. వ్యక్తిగతంగా చదవగలిగినవాళ్లను ఆపడం లేదు. ఇంటికి మాత్రం వేరే పద్ధతి పెట్టాం.

ఆదివారం గుడిలో చదివిన సువార్త భాగాన్నే ఆరు ముక్కలు చేసి ఆరు రోజులూ చదవడం. కొత్తది ఏమీ రాదు, బాకీ పడదు. ఒకరోజు తప్పితే తర్వాతి రోజు ముక్క చదివి ముందుకు పోవడమే. ఉదాహరణకు లూకా 10:25–37, మంచి సమరయుని ఉపమానం: సోమవారం 25–28, మంగళవారం 29–30, బుధవారం 31–32, గురువారం 33–34, శుక్రవారం 35, శనివారం 36–37. ముక్కలు చేసేటప్పుడు వచనాల సంఖ్య సమానంగా చూడకూడదు, కథ ఆగే చోటు చూడాలి. బుధవారం యాజకుడూ లేవీయుడూ పక్కనుంచి వెళ్లిపోయిన దగ్గర ఆపితే, పిల్లలు మర్నాడు తామే అడుగుతారు. శుక్రవారం ఒకే వచనం, రెండు దేనారములు (ఆనాటి వెండి నాణేలు) ఇచ్చి పూటకూళ్లవాడికి అప్పగించడం. డబ్బు గురించి, ఒకరిని ఇంకొకరి చేతిలో పెట్టడం గురించి ఇంట్లో మాట రావడానికి ఆ ఒక్కటే ఉండాలి.

చదివేది ఇంట్లో తెలుగు చదవగలిగిన చిన్నవాళ్లలో ఒకరు. తెలుగు రాని పిల్లలున్న ఇంట్లో పెద్దవాళ్లు చదివితే పిల్లలు వెంట చెప్తారు. చదివాక వివరణ వద్దు, ఒకే ప్రశ్న: "ఇందులో నీకు ఎవరు కనబడ్డారు?" ప్రసంగం చెయ్యాలన్న భయం పోవడంతో మగవాళ్లు కూడా కూర్చుంటున్నారు. మొత్తం ఏడు నిమిషాలు దాటకూడదు. ఉత్సాహం వచ్చిన రోజు అరగంట చేసిన ఇళ్లే ముందుగా ఆపేశాయి. మర్నాడు అరగంట లేకపోయేసరికి మొదలే పెట్టలేదు.

వీలైనంత వరకు ఈ విభజనను ఆదివారం ప్రకటనల్లో కాకుండా, ఆశీర్వాదానికి ముందు పాస్టరుగారే చదివి వినిపించాలి. ప్రకటనలుగా చెప్తే స్పోర్ట్స్ డే, చందా బకాయిల మధ్య కొట్టుకుపోతుంది.

మార్చి: శ్రమ దినాలు, ఒప్పుకోలు, సమాధానం

భస్మ బుధవారం మార్చి 5న. ఆనాటి నుంచి ఈస్టరు దాకా, ఆదివారాలు కాక, ఉండే ఈ నలభై శ్రమ దినాలకు పాపపు ఒప్పుకోలును రాత్రి పడక వేళకు కట్టాం. ప్రాజెక్టు మొత్తంలో ఎక్కువ జాగ్రత్త కావలసింది ఇక్కడే.

ఇంటి ప్రార్థన ఎత్తిపొడుపుగా మారడం మన ఇళ్లలో మామూలు. "ప్రభువా, ఈ ఇంట్లో నోరు పారేసుకునేవాళ్ల మనసు మార్చు" అని అత్తగారు ప్రార్థిస్తే, కోడలు కళ్లు మూసుకుని ఉండటం తప్ప ఏమీ అనలేదు. తండ్రి "పరీక్ష తప్పిన నా కొడుకును క్షమించు" అంటాడు. దేవునితో మాట్లాడుతున్నట్టే ఉంటుంది, దెబ్బ పక్కవాళ్లకు తగులుతుంది. ఆ తర్వాత ఆ పిల్లవాడు ప్రార్థన వేళకు ఇంట్లో ఉండడు. అందుకని సొంత మాటల ఒప్పుకోలు వద్దన్నాం. అందరూ కలిసి 51వ కీర్తనలోని ఒకే వచనం: "దేవా, నాయందు శుద్ధహృదయము కలుగజేయుము." ఆ తర్వాత నెమ్మదిగా పది శ్వాసలంత మౌనం. ప్రతివాళ్లూ తమ సంగతి తామే దేవుడికి చెప్పుకుంటారు. పిల్లలు కదులుతారు, ఫరవాలేదు.

సీఎస్‌ఐ 1947లో ఏర్పడ్డాక కొద్ది ఏళ్లకే తయారైన ప్రభు భోజన క్రమంలో, సమాధానాన్ని, అంటే శాంతిని, చేతినుంచి చేతికి అందించడం ఉంది. కేరళ సిరియన్ క్రైస్తవ సంఘాల నుంచి వచ్చిన ఆచారం. ఒకరి అరచేతుల మధ్య ఇంకొకరి చెయ్యి ఉంచి సమాధానం చెప్పుకుంటారు. గుడిలో అది ప్రభు భోజనపు బల్ల దగ్గర పాస్టరుతో మొదలవుతుంది. ఇంట్లో ఎవరితో మొదలవ్వాలి? పెద్దవాళ్లతో మొదలుపెట్టిన చోట అది ఆజ్ఞలా దిగింది. చిన్న పిల్లతో మొదలుపెడితే నడిచింది. పిల్ల నాయనమ్మకు, నాయనమ్మ కోడలికి. మాట లేని ఇద్దరి మధ్య కూడా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. లూథరన్ సంఘంలో ఈ అలవాటు అంతగా లేదు కాబట్టి ముందు నాలుగు ఆదివారాలు గుడిలో చేసి, తర్వాతే ఇంటికి పంపాం. గుడిలో చెయ్యనిదాన్ని ఇంట్లో చెయ్యమంటే ఎవరికీ నోరు రాదు.

ఒక హద్దు స్పష్టంగా రాసి పెట్టుకోవాలి. కొట్టే ఇంట్లో ఈ సమాధానాన్ని అడగకూడదు. దెబ్బలు తిన్న మనిషి ప్రతి రాత్రీ చెయ్యి అందించాలంటే అది ఆరాధన పేరుతో ఇంకో దెబ్బ. "సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు" అన్న మాటను కొట్టినవాడు క్షమించమని ఒత్తిడి చెయ్యడానికి వాడటం తరచుగా వినబడుతుంది. అలాంటి ఇల్లు అని తెలిస్తే బైబిల్ స్త్రీ, స్త్రీల సమాజం నుంచి ఇంకొకరు కలిసి ఆమెను విడిగా కలుస్తారు. 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు ఆమెకు కంఠతా ఉండేలా చూస్తారు. కార్డు సంగతి తర్వాత.

ఏప్రిల్: ఈస్టరు, రేషన్ బియ్యం సమస్య

ఏప్రిల్ 20 ఈస్టరు. డబ్బాలు గుడికి వస్తున్నాయి, బస్తా నిండుతోంది. బస్తాలో ఏం ఉంది అన్న ప్రశ్న ఇప్పుడు ముఖ్యం.

మన సంఘాల్లో కానుకగా వచ్చిన వస్తువులను వేలం వేసి డబ్బు చెయ్యడం మామూలు. కోతల పండుగ నాడు గుమ్మడికాయకూ కోడిపుంజుకూ వేలం పాట పెరుగుతుంది, అందరికీ సంతోషమే. బియ్యానికి మాత్రం ఇది పనికిరాదు. గుప్పెళ్లలో చాలా భాగం రేషన్ బియ్యం. రేషన్ బియ్యం అమ్మకం చట్టవిరుద్ధం, అది గుడి ఆవరణలో జరిగినా అంతే. దొడ్డు బియ్యం వేరే, సన్న బియ్యం వేరే అని చూపుతో విడదీస్తే సరిపోతుందనుకోవచ్చు గానీ, తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్‌లోనే సన్న బియ్యం ఇస్తున్నారు. ఇక చూసి చెప్పలేం. కాబట్టి నియమం ఒకటే: గుప్పెడు బియ్యం అమ్మరు, వండుతారు లేదా ఇస్తారు.

దొడ్డు, సన్నం కలిసిన బియ్యం ఒకేలా ఉడకదు. సన్నం మెత్తబడే వేళకు దొడ్డు పలుకు మిగులుతుంది. రెండు బస్తాలు పెట్టి, తెచ్చినవాళ్లే వాళ్ల బియ్యాన్ని సరైనదాంట్లో పోసేలా చూడాలి. అలా కుదరని చోట కలగలుపు బియ్యాన్ని పిండి పట్టించడమో, గంటసేపు నానబెట్టి వండటమో చేస్తే వృథా కాదు. ఎవరికివ్వాలో పెద్దల కమిటీ కన్నా బైబిల్ స్త్రీకే బాగా తెలుసు. ఒంటరి ముసలివాళ్లు, టీబీ మందులు వాడుతున్నవాళ్లు, ప్రసవించిన తల్లులు ముందు. సంఘ సభ్యులు కానివాళ్లకూ ఇవ్వాలి, కానీ బియ్యంతో పాటు కరపత్రం ఇవ్వకూడదు. తీసుకునేవాళ్ల అవసరాన్ని మన ప్రకటనకు వాడుకోవడం అవుతుంది.

మే: వీబీఎస్‌లో కీర్తన

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ప్రతి కీర్తన పైన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) కాలం నుంచి పెద్దలకు ఇవి కంఠతా వచ్చాయి. పిల్లలకు యూట్యూబ్ పాటలు వచ్చు, కీర్తనలు రావు. ఇద్దరూ కలిసి పాడగలిగే పాట ఇంట్లో లేకపోవడం మాకు కనబడిన పెద్ద లోటు. నెలకు ఒక కీర్తన, పల్లవీ రెండు చరణాలూ మాత్రమే, వీబీఎస్‌లో (పిల్లలకు వేసవి సెలవుల్లో పెట్టే బైబిలు తరగతులు) నేర్పి ఇంటికి పంపాలన్నది పని.

ఇబ్బంది శ్రుతి దగ్గర వచ్చింది. గుడిలో కీబోర్డు ఆసరా ఉంటుంది. ఇంట్లో అమ్మ గుడి ఎత్తులోనే పల్లవి ఎత్తుకుంటుంది, చరణంలో పైస్థాయికి వచ్చేసరికి గొంతు అందదు, నవ్వొస్తుంది, ఆపేస్తారు. చరణంలోని అతి పై స్వరాన్ని ముందు ఒకసారి మెల్లగా పాడి చూసుకుని, అది సుఖంగా అందే ఎత్తునుంచి పల్లవి మొదలుపెట్టమని నేర్పాం. చిన్న చిట్కా గానీ, అంతవరకు పాడని ఇళ్లలో దీనితోనే పాట వచ్చింది. తాళం చేత్తో వేస్తే చాలు. ఆదితాళానికి ఎనిమిది దెబ్బలు పిల్లలే లెక్కపెడతారు.

నేర్చుకోవడానికి ఒక పెద్దావిడ గొంతుతో, వాయిద్యం లేకుండా, ఒకటిన్నర నిమిషం వాయిస్ మెసేజ్ పంపాలి. వాయిద్యాలతో పంపితే విని ఊరుకుంటారు, వెంట పాడరు. ప్రార్థన వేళ మాత్రం ఫోను వద్దు. పాట కోసం తెరిచిన ఫోను తర్వాతి వీడియోలోకి వెళ్లిపోతుంది, పిల్లలు దాంతోపాటే వెళ్లిపోతారు. విదేశాల్లో ఉన్న పిల్లలతో వీడియో కాల్‌లో కలిసి పాడాలనుకునేవాళ్లకు ఒక సంగతి: లైను ఆలస్యం వల్ల ఇద్దరూ కలిపి పాడటం కుదరదు. ఇక్కడివాళ్లు పల్లవి, అక్కడివాళ్లు చరణం పాడుకుంటే సరిపోతుంది.

జూన్: గడప దగ్గర ఆశీర్వాదం

పెంతెకొస్తు పండుగ జూన్ 8న, ఆ వెనకే బడులు తెరిచారు. ఆరాధన చివరి ఆశీర్వాదాన్ని గడపకు కట్టడానికి ఇదే అదను. 121వ కీర్తన చివరి వచనం: "ఇది మొదలుకొని నిరంతరము నీ రాకపోకలయందు యెహోవా నిన్ను కాపాడును." ఇంట్లో మిగిలేవాళ్లు, వెళ్లేవాళ్ల తలమీద చెయ్యి పెట్టి చెప్పాలి. అంతా కలిపి పది సెకన్లు. స్కూలు బస్సు హారను కొట్టినా కుదురుతుంది. కూలికి వెళ్లే తల్లి తలమీద పిల్లలు చెయ్యి పెట్టి చెప్పడం పల్లె సంఘంలో తనంతట తనే మొదలైంది, దాన్ని కార్డులోకి తీసుకుంటున్నాం.

చెయ్యి ముఖ్యం. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య, బాప్తిస్మం పొందినవాళ్ల చేత వాళ్ల తలమీద వాళ్ల చెయ్యే పెట్టించి "నేను సువార్తను ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ" అని చెప్పించేవారు. చదువు లేని సంఘాల్లో మాటను ఒంటికి పట్టించడం ఎలాగో ఆయనకు తెలుసు. వట్టి నోటితో చెప్పిన ఇళ్లలో కన్నా చెయ్యి పెట్టిన ఇళ్లలో వచనం త్వరగా నోటికి వచ్చింది.

పాస్టర్లలో ఒక సందేహం వచ్చింది: పాస్టరుగా అభిషేకం పొందనివాళ్లు ఆశీర్వాదం చెప్పవచ్చా? గుడి చివరి ఆశీర్వాదాన్ని పాస్టరుకే ఉంచి, ఇంటికి కీర్తన వచనం ఇవ్వడంతో చిక్కు తీరింది. రాత్రి పిల్లల్ని పడుకోబెట్టేటప్పుడు సంఖ్యాకాండము 6:24–26ను ఎవరైనా చదవవచ్చు, అది లేఖన పఠనమే.

వచనం స్టిక్కరు తలుపు లోపలివైపే అతికించాలి. బయట అతికిస్తే అద్దె ఇళ్లలో యజమానితో మాట వస్తుంది. పైగా వెళ్లే మనిషికి కనబడాల్సింది లోపలినుంచే. ఎత్తు గొళ్లెం దగ్గర, చెయ్యి వేసే చోట. నైట్ షిఫ్టు వాళ్లు వెళ్లే వేళకు ఇంట్లో మిగతావాళ్లు నిద్రలో ఉంటారు. వాళ్లు గొళ్లెం మీద చెయ్యి ఉంచి, నిద్రపోతున్నవాళ్ల కోసం అదే వచనాన్ని తామే చెప్తున్నారు.

ఆగస్టు: పురుగు

వానలు మొదలయ్యాక డబ్బాల్లో ముక్కపురుగు. దాని గుడ్డు గింజ లోపలే ఉంటుంది, ఈ వేడీ తేమల్లో దాదాపు నెలకు పురుగై బయటికి వస్తుంది. కాబట్టి డబ్బాను నెలకోసారి పూర్తిగా ఖాళీ చేస్తే చాలావరకు తప్పుతుంది. పాత బియ్యం అడుగున ఉండగా పైన కొత్త గుప్పెడు వేస్తూ పోయిన డబ్బాల్లోనే పురుగు ఎక్కువ. ఖాళీ చేశాక పొడిగుడ్డతో తుడిచి, ఒకరోజు ఎండలో ఉంచాలి. నీళ్లతో కడిగి తడి ఆరకుండా వాడితే బూజు పడుతుంది. ఎండిన వేపాకు, నాలుగు ఎండుమిర్చి వెయ్యడం మంచిదే. వండే ముందు ఏరాలని బియ్యం తీసుకునేవాళ్లకు చెప్పి ఇవ్వాలి. నెల మొదటి ఆదివారం డబ్బాను గుడికి తేలేకపోయిన ఇళ్లకు సండే స్కూలు పిల్లలు వెళ్లి తెస్తారు.

బియ్యం మానేసిన ఇళ్లలో కారణం అడిగితే, ఎక్కువగా వంట చేసే మనిషి మారింది అన్నదే జవాబు. కాన్పుకు పుట్టింటికి వెళ్లారు, కోడలు వచ్చింది, వంటమనిషిని పెట్టుకున్నారు. అలవాటు ఇంటిది అనుకున్నాం గానీ, అది ఒక చేతిది. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఇద్దరికి చూపిస్తున్నాం, అందులో ఒకరు మగవాళ్లో పిల్లలో అయి ఉండాలి.

నవంబరు: రెండో అచ్చు

2025 నవంబరు 30న ఆగమన కాలం మొదలవుతుంది. కొత్త వాగ్దానపు కార్డులకు ప్రెస్‌కు ఇవ్వాల్సిన మార్పులు రాసుకుంటున్నాం.

ఒప్పుకోలు వచనాన్ని ఏడాదంతా ఉంచుతున్నాం, పది శ్వాసల మౌనంతో సహా. చేతికి చెయ్యి సమాధానం శనివారం రాత్రికి మాత్రమే. రోజూ చేస్తే మొక్కుబడి అయింది, ఆదివారం బల్లకు వచ్చే ముందు రాత్రి అయితే దానికి అర్థం ఉంది, మత్తయి 5:23–24 చెప్పేదీ అదే. విశ్వాస ప్రమాణాన్ని కార్డులోంచి తీసేస్తున్నాం. ఏ పనికి కట్టినా అది ఇంట్లో నిలవలేదు, గుడిలో అందరూ నిలబడి చెప్పడంలోనే దానికి బలం ఉంది. భోజన ప్రార్థనను వడ్డించేటప్పటికి కాకుండా, అన్నం గిన్నె మూత తీసే వేళకు మారుస్తున్నాం. 145వ కీర్తనలోని "నీవు నీ గుప్పిలిని విప్పి ప్రతి జీవి కోరికను తృప్తిపరచుచున్నావు" అన్న వచనాన్ని వండినవాళ్లే, ఆడైనా మగైనా, గట్టిగా చెప్తారు. మిగతావాళ్లు ఎక్కడున్నా ఆమెన్ అంటారు.

నగర సంఘానికి కార్డు మీద తెలుగు పంక్తి కిందే అదే తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో వెయ్యాలా అన్న చర్చ తెగలేదు. వేస్తే పిల్లలు తెలుగు లిపి వైపు చూడరని సండే స్కూలు టీచర్లు, వెయ్యకపోతే అసలు కార్డు వైపే చూడరని తల్లిదండ్రులు అంటున్నారు. రెండు రకాలూ కొన్ని కొన్ని అచ్చువేసి, వేర్వేరు ఇళ్లకు ఇచ్చి ఈస్టరు దాకా చూస్తాం.